సగం తెల్లవారిన బొమ్మ

మామా ఇంతవరకూ అరవలేదు. మునిలక్ష్మి భయానికి కారణం అదే.

అరిచే మనిషి అరవాలి. ఉల్లిగడ్డలు కాస్త మాడినా, అబాయా ఇస్త్రీలో ఒక మడత తప్పినా రుమైథియా పేట అంతా వినబడేట్టు అరిచే యజమానురాలు ఆమె. అలాంటిది పంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చి, హాల్లో అడుగుపెట్టి, తన తండ్రి ప్రాణంగా చూసుకున్న కంచు బొమ్మకేసి చూసి, అక్కడే ఆగిపోయింది. బొమ్మ మొహం, దివిటీ ఎత్తి పట్టుకున్న చెయ్యి, ఒక రెక్క బంగారంలా తళతళలాడుతున్నాయి. తక్కిన ఒళ్ళంతా ఎప్పటిలాగే నల్లగా ఉంది.

"ఎవరు?" అని మాత్రం అడిగింది.

మునిలక్ష్మి నోరు తెరిచేలోపలే, బయట కారు కడుగుతున్న ఓబులేసు తడి చేతులతో లోపలికొచ్చి, "అనా, మామా. నేనే" అని అరబ్బీలో అనేశాడు.

మామా అతని వైపు చూసింది. బొమ్మ వైపు చూసింది. చేతిసంచి సోఫా మీద పడేసి మెట్లెక్కి పోయింది. పైన తలుపు మూసుకుంది. గట్టిగా కూడా మూసుకోలేదు.

అదిగో, అప్పట్నుంచీ ఇల్లంతా ఏసీ చప్పుడు తప్ప మరోటి లేదు.

"ఏమయ్యా, నిన్నెవురు అడిగినారు?" వంటింట్లోకి రాగానే మునిలక్ష్మి మొగుడి మీద పడింది.

"ఎవురో ఒగరు చెప్పాల గదా."

"చెప్పాల్సింది నేను. తోమింది నేను. నువ్వు యాడున్నావు అప్పుడు? బయట కారుకు నీళ్ళు పోస్తాండావు."

"మెల్లగా మాట్లాడుమే. పైకి ఇనపడతాది."

"ఇనపడనీ. ఇనపడితేనే మేలు."

ఓబులేసు తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ లుంగీగుడ్డకు తుడుచుకున్నాడు. "నిన్ను తీసేస్తే నేరుగా పనోళ్ళను కుదిర్చే మక్తబ్‌కు తోలేస్తారు. మక్తబ్ వాడు ఇంగ యా ఇంటికి పంపిస్తాడో ఎవురికి తెల్సు? జహ్రాకు పంపిస్తే? నన్నయితే నాలుగు తిట్లు తిడతారు, అంతే. డ్రైవరు లేకుంటే వాళ్ళకు పూట గడవదు."

"అబ్బో, పెద్ద డ్రైవరు! షువైఖ్‌లో యా గ్యారేజీ ముందర నిలబడి చెయ్యెత్తినా పది మంది ఉరికొస్తారు."

"వచ్చినోళ్ళందరికీ ఈ ఇంటి సందుల్లో బండి రివర్స్ తీసేది వస్తాదా?"

పొయ్యి దగ్గర బిర్యానీలాంటి చికెన్ మచ్‌బూస్ కలుపుతున్న ఖాతూన్ బీ గరిటె ఆపకుండానే నవ్వింది. ఆమెదీ రాయచోటి పక్కే. ఈ ఇంట్లో వంటమనిషిగా చేరినప్పుడు మామా, ఆమె అన్న ఇంకా చిన్నపిల్లలట.

"రివర్స్ సంగతి తర్వాత చూసుకుందాంగానీ," అంది ఖాతూన్ బీ, "ముందర నాకు ఒకటి చెప్పండి. నా డబ్బాలో చింతపండంతా ఆ బొమ్మకు తాపించేస్తిరే, ఇంగ రేపు మన చారులోకి ఏం పొయ్యాల? నీ కన్నీళ్ళు పోద్దామా మునెమ్మా?"

"నువ్వే గదా పెద్దమ్మా, ఉప్పు కూడా ఎయ్యి, ఉప్పు లేకుంటే చిలుం పోదు అంటివి!"

"అంటినా? అంటిలే. కంచు సామాను తోమతాండా అంటే నేను గిన్నెలు అనుకుంటి. వాళ్ళ నాయన బొమ్మ అని చెప్పింటే నేను ఈడ కూర్చోని ఉప్పు ఇస్తానా?"

ఆమె మాటల్లో కోపం లేదు. అయినా మునిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

కువైత్‌లో మొగుడూ పెళ్ళామూ వీసా ఇచ్చే ఒకే కఫీల్ ఇంట్లో పని చేయడం అందరికీ దొరికే భాగ్యం కాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అతను జహ్రాలో, ఆమె హవల్లీలో ఉన్న రోజుల్లో శుక్రవారం పూట బస్టాపులో బల్ల మీద పక్కపక్కన కూర్చుని, ఒకే పొట్లంలో ఫలాఫిల్ తింటూ, బస్సు రాకూడదని మొక్కుకున్న ఆడమనిషి ఆమె. బస్సు మాత్రం ప్రతిసారీ వచ్చేది. ఇప్పుడు కారు షెడ్డు మీద వాళ్ళకొక గది ఉంది. గదిలో ఒక మంచం, మంచం మీద గురకపెట్టే మొగుడు. ఆ గురకను తిట్టుకుంటూ నిద్రపోవడం ఎంత సుఖమో ఆ బస్టాపులో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆ గది పోతుందేమోనని ఆమె భయం. మామా ఎవర్ని పంపించినా పోయేది ఆ గదే.

"సరేగానీ," ఓబులేసు గొంతు తగ్గించాడు, "నీకు అది తోమాలని ఎందుకు బుద్ధి పుట్టింది? రెండేండ్లుగా గుడ్డతోనే తుడస్తాంటివి గదా."

మునిలక్ష్మి గోడ వైపు నుంచి తిరగలేదు.

"అడిగేది నిన్నే."

"పాప ఏడ్చింది."

"యా పాప?"

"ఎవురి పాప ఉంది మనకు? మన పాపే." గోడ వైపే చూస్తూ చెప్పింది. "హాల్లో ఇస్త్రీ చేస్తా ఊర్లో పాపను చూసుకునే అక్కకు వీడియో కాల్ చేస్తి. ఆడయితేనే గదా వైఫై బాగా వచ్చేది. పాప నన్ను చూసి నవ్వింది. నవ్వతా నవ్వతా ఒక్కసారిగా అక్క కొంగులోకి దూరిపాయ. ఏందిమే అంటే, 'మా యమ్మ ఎనకాల రెక్కల దెయ్యం నిలబడింది, మా యమ్మను ఎత్తకపోతాది' అని ఒకటే ఏడుపు. మళ్ళ ఫోను చేస్తే రాలేదు. నిన్న రాలేదు. మొన్న రాలేదు. నా మొగం చూడనంటాది, నల్లగుండేది ఎనకాల ఉంటాదని."

ఓబులేసు గట్టుకు ఆనుకున్నాడు.

"దానికి చిలుం పట్టింది, తోమితే తెల్లగా వస్తాది, మంచి దేవతమ్మ మాదిరి కనపడతాది, అప్పుడు పాపకు చూపిస్తాం అనుకుంటి. అందుకే మొగం ముందర తోమితి."

ఖాతూన్ బీ గరిటె ఆగింది. మచ్‌బూస్ కుతకుత ఉడికే చప్పుడు మాత్రం వినబడింది.

"నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఓబులేసు చివరికి.

"చెప్తే నువ్వు పిల్లకు ఫోను చేసి అరస్తావు."

"నేనా?"

"మొన్న పలక పగలగొట్టిందని అరవలే?"

అతను సింకు దగ్గరికి పోయి, కడిగి ఉన్న గ్లాసునే మళ్ళీ కడిగాడు.

* * *

మామా మధ్యాహ్నం భోజనానికి కూడా కిందికి దిగలేదు. ఆ తర్వాత దిగినప్పుడు పళ్ళెం వైపు చూడకుండా హాల్లోకి పోయి బొమ్మ ఎదురుగా కూర్చుంది. ముగ్గుర్నీ పిలిచింది.

ఖాతూన్ బీ చాయ్ ట్రే పట్టుకుని ముందు నడిచింది. ఓబులేసు బోను ఎక్కినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మునిలక్ష్మి అతని వీపు వెనక సగం దాక్కుంది.

"దేంతో తోమావు?" మామా ఓబులేసును అడిగింది.

ఓబులేసు తడబడ్డాడు. "సాబూన్, మామా."

"సబ్బుతో తోమితే ఇలా అవుతుందా?"

"చాలా సబ్బు, మామా."

ఖాతూన్ బీ ట్రే కింద పెట్టింది. "చింతపండు, మామా. మా ఊళ్ళలో దేవుడి సామాను దాంతోనే తోముతారు. పండగ ముందర ఇత్తడీ కంచూ నల్లగా ఉంటే ఇల్లాలు సోమరిపోతు అంటారు. వీళ్ళకు అది తప్పని తెలియదు."

మామా చాయ్ గ్లాసు తీసుకుంది. తాగలేదు.

"అది మురికి కాదు," అంది నెమ్మదిగా. "అది బొమ్మ చేసినాయన వేసిన రంగు."

మునిలక్ష్మికి అరబ్బీ వంటింటి మాటల వరకూ బాగానే వచ్చు. ఈ మాట అర్థమయ్యాక మాత్రం తాను సరిగా వినలేదేమో అనిపించింది. రంగా? కొత్త కంచుకు ఎవరైనా కావాలని నలుపు వేస్తారా? కొత్త గిన్నె కొనుక్కొచ్చి మసి పూసినట్టు?

మామా వాళ్ళతో చెబుతోందో, తనలో తాను చెప్పుకుంటోందో తెలియలేదు. చెప్పుకుంటూ పోయింది.

"మా నాన్న చదువుకోవడానికి పారిస్ వెళ్ళినప్పుడు ఒక ముసలి దుకాణదారు దగ్గర ఈ బొమ్మల జంట కొన్నాడు. ఇదిగో, ఈ పాదం కింద చేసినాయన పేరు చెక్కి ఉంది. ఎత్యేన్ వోబ్రే. మా ముత్తాతల కాలం మనిషి. ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక నాన్న మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టి ఆయన కథ చెప్పేవాడు. ఖాతూన్‌కు తెలుసు."

"నాకు నోటికి వచ్చు," అంది ఖాతూన్ బీ. "తాళాలు చేసేవాడి కొడుకు."

"తాళాలు చేసేవాడి కొడుకు," మామా తలూపింది. "పెద్ద విగ్రహాల పని ఎవరూ ఇవ్వక మొదట గోడగడియారాల మీద పెట్టే చిన్న బొమ్మలు చేశాడట. తర్వాత అదృష్టం, న్యాయం, కీర్తి, రాత్రి, తెల్లవారుజాము, ఇలా కంటికి కనబడని వాటన్నిటికీ ఆడమనుషుల రూపాలు పోశాడు. గ్రీకుల దేవతల్నీ పోశాడు. అందరికీ ఒకటే మొహం. జనం నవ్వేవాళ్ళట, ఏమయ్యా, నీ న్యాయానికీ నీ అదృష్టానికీ ఒకే ముక్కా అని."

"వాళ్ళావిడ ముక్కు," ఖాతూన్ బీ అందించింది.

"వాళ్ళావిడే. బట్టలు ఉతికి బతికేది. ఎందుకు ఆమెనే చేస్తావంటే, చెయ్యి ఎత్తి నిలబడమంటే కూలి అడక్కుండా నిలబడేది ఆమె ఒక్కతే అన్నాడట. ఈ దివిటీ చెయ్యి ఎత్తి నిలబడితే పొయ్యి మీద సూపు మాడిపోయేదట. తిట్టుకుంటూనే నిలబడేదట."

మునిలక్ష్మి మొగుడి వీపు వైపు చూసింది. ఈయనకు తన కొత్త చీరేదో పాత చీరేదో ఇప్పటికీ తెలియదు. ఆ దొరకు మాత్రం ఎటు చూసినా పెళ్ళామే కనబడింది. కాళ్ళు పీకేదాకా నిలబెట్టుకున్నాడు కానీ, ప్రతి దేవతకూ ఆమె మొహమే పెట్టాడు. ఇంత భయంలోనూ ఆమెకు ఆ ముచ్చట నచ్చింది.

"పోత పోసి తెచ్చినప్పుడు కంచు ఇలాగే మెరిసేది." మామా బొమ్మ చెంప వైపు చెయ్యి చూపింది. "ఆయనకు ఆ మెరుపు నచ్చేది కాదు. నిప్పుతో వేడి చేసి, మందులు పూసి, మళ్ళీ వేడి చేసి, రోజుల తరబడి ఆ రంగు తెచ్చేవాడట. అది మా ఇంట్లో ఇన్నేళ్ళు నిలిచింది. మా నాన్న దీన్ని ఫజర్ అని పిలిచేవాడు. తెల్లవారుజాము. అన్నయ్య ఇంట్లో ఉన్నదాని పేరు లైల్. అది రాత్రి."

గ్లాసు పళ్ళెంలో పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాన్న పోయాక జంటను విడదీసి చెరొకటి తీసుకున్నాం. అప్పట్నుంచీ ఆయన రెండూ తనింట్లోనే ఉండాలంటాడు, నేను నా ఇంట్లోనే ఉండాలంటాను. పండక్కి కూడా గుమ్మంలో నిలబడి పలకరించి వెళ్ళిపోయాడు. పోనీలే, ఒక బొమ్మ కోసం తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకుంటానా అని, తీసుకుపొమ్మని నేనే మొన్న ఫోను చేశాను. ఈ రోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వస్తున్నాడు." ఆమె గేటు వైపు చూసింది. "ఇప్పుడు ఏమనుకుంటాడు? ఇవ్వడం ఇష్టం లేక పాడుచేయించిందంటాడు. అనడా?"

ఖాతూన్ బీ చాయ్ గ్లాసు మళ్ళీ ఆమె ముందుకు జరిపింది.

మునిలక్ష్మికి అరుపులు భరించడం అలవాటు. ఇలా ఒళ్ళో చేతులు పెట్టుకుని మెల్లగా మాట్లాడే మామాను భరించడం చేతకాలేదు. మొగుడి చొక్కా వెనక నుంచి లాగింది. అతను కదల్లేదు. మళ్ళీ లాగింది. అతను చెయ్యి వెనక్కి పెట్టి ఆమె వేళ్ళు గట్టిగా పట్టుకున్నాడు, నోరు మూసుకో అన్నట్టు.

బయట గేటు ముందు కారు ఆగింది.

* * *

బాబా తౌఫిక్ పొడుగాటి మనిషి. కాళ్ళదాకా వేసుకున్న తెల్లటి దిష్‌దాషా మీద ఒక్క ముడత లేదు. వచ్చిన వాడు చెల్లెలికి సలాం చెప్పాడు, ఆరోగ్యం ఎలా ఉందన్నాడు, పన్ను నొప్పి తగ్గిందా అన్నాడు. అంతా గుమ్మం దగ్గరే. పొరుగింటి మనిషిని అడిగినట్టు అడిగాడు. తర్వాత హాల్లోకి వచ్చాడు.

వచ్చి, ఆగాడు.

మామా లేవలేదు. కూర్చున్న చోటే కూర్చుని అన్న మొహమే చూస్తోంది. మునిలక్ష్మి వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. ఓబులేసు పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి తలుచుకుంటున్నాడో మరి.

బాబా తౌఫిక్ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. నల్లటి రెక్క వైపు నుంచి పోయి, మెరిసే రెక్క వైపు నుంచి వచ్చాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. వంగి బొమ్మ మొహంలోకి చూశాడు.

"నూరా," అని చెల్లెల్ని పిలిచాడు.

"చెప్పు."

"ఈమె ముక్కు వంకర."

"ఏంటి?"

"ముక్కు వంకరగా ఉంది చూడు. ఇటు రా. కళ్ళ కింద సంచులు కూడా ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఎప్పుడైనా కనబడ్డాయా మనకు?"

మామా అనుమానంగానే దగ్గరికి పోయింది. అన్నా చెల్లెళ్ళు పక్కపక్కన వంగి చూశారు. నిజమే. నలుపు కింద ఏనాడూ కనబడని గీతలు ఆ మెరుపులో తేటగా కనబడుతున్నాయి. నిద్ర చాలని ఆడదాని మొహం అది. కాళ్ళు లాగుతున్నా దివిటీ దించకుండా నిలబడిన మొహం. పెదవి ఒక పక్కకు కాస్త వంగి ఉంది, మాడిపోతున్న సూపు వాసన తగిలినట్టు.

"తిట్టుకుంటోంది," అంది మామా.

"ఆయన్నే తిట్టుకుంటోంది!"

ముందు ఎవరు నవ్వారో మునిలక్ష్మికి తెలియలేదు. బాబా తౌఫిక్ నవ్వు ఇల్లంతా మోగింది. మామా నవ్వీ నవ్వీ సోఫాలో కూలబడి, దవడ పట్టుకుని, "నవ్వించకు, పన్ను నొప్పి!" అని ఏడుపూ నవ్వూ కలిపేసింది. ఆయన వెళ్ళి చెల్లెలి పక్కనే కూర్చున్నాడు. ఎదురుగా కాదు, పక్కన. ఖాతూన్ బీ కళ్ళు తుడుచుకుంటూ ఖర్జూరాల పళ్ళెం తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది.

"నాన్న చూసి ఉంటే?" అన్నాడు ఆయన.

"నాన్న చూసి ఉంటే నన్ను ఇంట్లోంచి గెంటేవాడు."

"నిన్ను గెంటేవాడా? నన్ను గెంటేవాడు. ఏ తప్పు చేసినా తిట్లు నాకే కదా." ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. "రాత్రి నల్లగా ఉండాలి, సరే. తెల్లవారుజాము ఎందుకు నల్లగా ఉండాలి? చిన్నప్పుడు ఇదే అడిగితే నాన్న నన్ను బయటికి పంపించాడు, గుర్తుందా? సగంలో ఎందుకు ఆపారు? మిగతాది కూడా తోమించు."

"నువ్వు తీసుకుపోయి తోమించుకో."

"నేను తీసుకుపోను. ఇది ఇక్కడే ఉండనీ. లైల్‌ను కూడా ఇక్కడికే పంపిస్తాను."

"వద్దు. రెండూ నీ దగ్గరే ఉండాలని నాన్న కోరిక."

"నాన్న కోరిక నువ్వు నొచ్చుకోకూడదని."

నిన్నటిదాకా నాకంటే నాకని పోట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు నీకంటే నీకని మొదలుపెట్టారు. గొంతులు కూడా అలాగే లేచాయి. తలుపు దగ్గర మునిలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఓబులేసు వైపు చూస్తే అతను కనుబొమలు ఎగరేశాడు, చూశావా నా తెలివి అన్నట్టు. ఆమెకు నవ్వొచ్చింది. పాపకు ఈ పొద్దే ఫోను చేసి చూపించాలి. దెయ్యం కాదు తల్లీ, బట్టలుతికే అమ్మ, సూపు మాడిపోయిందని తిట్టుకుంటోంది అని చెప్పాలి.

"ఇంతకీ ఎవరు చేశారు ఈ పని?" బాబా తౌఫిక్ అడిగాడు.

"మా డ్రైవరు. ఓబులేస్."

"ఇతనా?" ఆయన ఓబులేసును కిందినుంచి పైకి చూశాడు. "మంచి చెయ్యి. నా దగ్గర నాన్న కాఫీ పోసిచ్చే పాత ఇత్తడి దల్లాలు పెట్టెనిండా ఉన్నాయి, అన్నీ నల్లబడిపోయాయి. లైల్ పీట కూడా మాసిపోయింది. పైగా నా డ్రైవరు ఊరికి పోయి ఇక రానని చెప్పాడు. నూరా, బొమ్మ నాకు వద్దుగానీ, ఇతన్ని నాకు ఇచ్చెయ్. ఇఖామా కాగితాలు నా పేరుకు మార్పించుకుంటాను."

"తీసుకో," అంది మామా.

ఆలోచించను కూడా లేదు. ఇంకో ఖర్జూరం తీసుకో అన్నట్టే అంది. మొహం నిండా సంతోషం. అన్న అడిగాడు, తను ఇచ్చింది, అంతే.

"ఈ ఇంటికి మక్తబ్‌లో ఇంకొకర్ని చూసుకుంటాను. నువ్వు అహ్మదీ వైపు కదా, శుక్రవారాలు పెళ్ళాన్ని చూసి వెళ్తాడులే."

ఓబులేసు ఎగరేసిన కనుబొమలు ఎగరేసినట్టే ఉండిపోయాయి.

శుక్రవారాలు. మునిలక్ష్మి చెవిలో ఆ మాటొక్కటే మోగింది. మళ్ళీ బస్టాపు. మళ్ళీ బల్ల. మళ్ళీ బస్సు రాకూడదని మొక్కుకోవడం.

"చెయ్యలేదు!" అంది.

అంత గట్టిగా తానే అరిచిందని ఆమెకు ఒక క్షణం తెలియలేదు. అందరూ తలుపు వైపు తిరిగారు.

"ఆయప్ప చెయ్యలేదు మామా, చేసింది నేను! ఆయప్పకు గిన్నె తోమేది కూడా రాదు, సబ్బంటాడు చూస్తివి గదా! మొగం తోమింది నేను, రెక్క తోమింది నేను. తిడితే నన్ను తిట్టు, కొడితే కొట్టు, ఆయప్పను యాడికీ పంపొద్దు. నన్నూ పంపొద్దు!"

అంతా తెలుగులోనే అనేసింది. నేర్చుకున్న అరబ్బీ ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. మామా, బాబా తౌఫిక్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమంటోంది?" మామా ఖాతూన్ బీని అడిగింది.

ఖాతూన్ బీ ఓబులేసు వైపు చూసింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. మునిలక్ష్మి వైపు చూసింది. నిజం చెబితే పోయేది ఈ పిల్ల. చెప్పకపోతే ఆ పిల్లవాడు. ఆమె తలమీది గుడ్డ సర్దుకుంది. ఖాళీ గ్లాసులు ఒక్కొక్కటే ట్రేలో పెట్టింది, అడిగింది తనను కాదన్నట్టు.

"ఖాతూన్. ఏమంటోంది ఆ పిల్ల?"

"ఏమంటుంది మామా," అంది ఖాతూన్ బీ శుభ్రమైన అరబ్బీలో, "నిజం చెప్పెయ్ పెద్దమ్మా, మా మీద పెట్టొద్దు అంటోంది. చేసింది నేను. చింతపండు నాది, ఉప్పు నాది. నువ్వు అరుస్తావని ఓబులేసు పాపం తన మీద వేసుకున్నాడు." బాబా తౌఫిక్ వైపు తిరిగింది. "దల్లాలు తోమాలంటే నన్ను తీసుకుపో నాయనా. చిన్నప్పుడు నీకు గోరుముద్దలు పెట్టిన చేతులే."

మునిలక్ష్మికి ఆ అరబ్బీ ప్రతి మాటా అర్థమైంది. అందులో ఒక్కటీ తాను అన్నది కాదు. ఖాతూన్ బీ మొహంలోకి చూసింది. మామా తనను వదలదన్న ధైర్యంతో వేసిన పాచికా అది, లేక నిజంగానే పెట్టె సర్దుకుని పోవడానికి సిద్ధపడిందా? ఆ ముసలి మొహంలో ఏమీ దొరకలేదు.

బాబా తౌఫిక్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఖాతూన్ వస్తుందా! ఆ చేతి మచ్‌బూస్ తిని ఎన్నాళ్ళయింది! డ్రైవరు ఎవరికి కావాలి, షువైఖ్‌లో దొరుకుతాడు. నూరా, తోమినవాళ్ళను ఇచ్చానన్నావు, ఇక మాట మార్చకూడదు. ఖాతూన్, బట్టలు సర్దుకో, నా కార్లోనే పోదాం," అంటూ లేచాడు.

మామా నవ్వు ఆగిపోయింది.

అన్న వచ్చినప్పుడు కూడా ఆమె లేవలేదు. ఇప్పుడు ఖర్జూరాల పళ్ళెం పక్కకు జరిపి, అబాయా సర్దుకుని, లేచి ఖాతూన్ బీకి అడ్డంగా నిలబడింది.

"తౌఫిక్," అంది. "కూర్చో."